పునాదికి అడ్డొచ్చిన పిల్లలు

మా అన్నయ్య జగ్గారావు దువ్వాడ స్టేషన్ అవతల స్థలం కొన్ననాటికి అతనికి ఒక్కతే కూతురు. ఇల్లు లేచేనాటికి ఎంతమందయ్యారో చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, మేమూ నవ్వాం. మా వదిన సన్యాసమ్మ మాత్రం నవ్వలేదు.

అన్నయ్యది పోర్టులో కలాసీ పని. కాపురం పాతపట్నంలో, ఒకటే గది, ముందు తడికల వసారా. గదిలోనే వంట, గదిలోనే పడక. మా అమ్మ గంగాలమ్మ పడుకునేది వసారాలో. ఇంటి ఓనరమ్మ బావి దగ్గర నిలబడి బిందెలు లెక్కపెట్టేది. పిల్ల కాస్త గొంతెత్తితే అవతల గదిలోంచి అరిచేది. వదిన పల్లెటూళ్లో, పొలాల్లో పెరిగిన మనిషి. "నా పిల్లలు గట్టిగా ఏడవడానికైనా ఒక ఇల్లు గావాల పైడీ" అనేది నాతో. ఆవిడ ఎవరినీ ఇంకేమీ అడగలేదు.

ప్లాను అన్నయ్యే గీశాడు. పోర్టులో పెట్టెలకి చుట్టే మందపాటి కాయితం తెచ్చి, పెన్సిల్ నాలిక మీద తడుపుకుంటూ గీశాడు. ముందు వసారా, మధ్య హాలు, ఒక పడగ్గది, వెనక వంటిల్లు. మేస్త్రీ గురునాథరావు సరేనన్నాడు. పంతులుగారు ముహూర్తం పెట్టారు. కొబ్బరికాయలు కూడా వచ్చేశాయి. అప్పుడు తెలిసింది, వదిన నీళ్లోసుకుందని.

అమ్మ అడ్డంగా కూర్చుంది. కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో ఉండగా పునాది తవ్వితే ఆ కడుపుకి చేటు. మా వైపు అందరూ అనుకునే మాటే గానీ, అమ్మది ఉడుంపట్టు. "పురుడయ్యేక సూద్దాంరా. భూమి ఎక్కడికీ పోదు" అంది. ఆ కొబ్బరికాయలతో వారం రోజులు పచ్చడి తిన్నాం.

పిల్లాడు పుట్టాడు. ప్లానులో ఇంకో గది పుట్టింది. ఇంతలో మూఢం వచ్చింది. మూఢం పోతే ఆషాఢం, ఆషాఢం పోతే సిమెంటు లేదు. ఆ రోజుల్లో సిమెంటు పర్మిట్ మీద ఇచ్చేవారు, పర్మిట్ కోసం ఆఫీసు మెట్లు అరిగేలా తిరగాలి. అది చేతికొచ్చేసరికి వదినకి మళ్లీ నెల తప్పింది. అమ్మ మళ్లీ అడ్డంగా కూర్చుంది. ఈసారి కవలలు.

"ఒక్క దెబ్బకి రెండు గదులు పెరిగిపోనాయి బావా" అని మా ఆయన దగ్గర మొరపెట్టుకున్నాడు అన్నయ్య. మా ఆయన పడీపడీ నవ్వారు. నాకు మండింది. పోర్టు బస్సు ఆగేచోట గోడ మీద కుటుంబ నియంత్రణ వాళ్ల ఎర్ర త్రికోణం బొమ్మ ఉండేది. ఏళ్ల తరబడి మా అన్నయ్య రోజూ దాని ముందే నిలబడి బీడీ కాల్చాడు. "ఆ గోడమీద ఏటి రాసుందో ఎప్పుడైనా సదివినావా అన్నియ్యా?" అని మొహం మీదే అడిగేశాను. కొన్నాళ్లు మా గుమ్మం తొక్కలేదు.

మూడో ప్లాను మీరు చూడాలి. ఓడల్లోకి ఎక్కి దిగే మనిషి కదా, అక్కడ నావికులు ఒకరి మీద ఒకరు పడుకునే బెర్తులు చూసొచ్చాడు. నలుగురు పిల్లలకీ ఒకే పొడుగాటి గది. రెండు గోడలకీ కింద ఒక బెర్తు, పైన ఒక బెర్తు. మధ్యలో కిటికీ, కిటికీ కింద చదువుకోడానికి సిమెంటు బల్ల. నిజం చెప్పొద్దూ, నాకు ముచ్చటేసింది. అమ్మ కాయితం అటూ ఇటూ తిప్పి చూసి, "పిల్లల్ని ఆవకాయ జాడీల్నాగ అటకెక్కించేత్తావేట్రా?" అంది. పెద్దది నూకాలు కుడిగోడ పైబెర్తు నాదంది. తమ్ముడేమో, కాదు, అది నాదన్నాడు. కట్టని ఇంట్లో లేని మంచం కోసం ఇద్దరూ జుట్లు పట్టుకున్నారు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు. మా అన్నయ్యకి ఆలూ ఉంది, చూలూ ఉంది, లేనిదల్లా ఇల్లే.

ఎనభై ఒకటిలో ఎలాగో అన్నీ కుదిరాయి. పర్మిట్ సిమెంటు వచ్చింది. బస్తాలు గదిలోనే పేర్చారు, పిల్లలు వాటి మీదే పడుకున్నారు. వానలు పడితే అవి రాళ్లయిపోతాయి. పైగా ఓనరమ్మ, ఇంతమందికి నా బావి చాలదు, వేరే చోటు చూసుకోమంది. వైశాఖంలో ముహూర్తం పెట్టారు.

ముందురోజు నేను పెందుర్తిలో మా అత్తారింటి నుంచి వెళ్లాను. అమ్మ నెత్తళ్ల చేపలు వేపుతోంది. నెత్తళ్ల వేపుడంటే మా వదిన మూకుడు కూడా నాకేసే రకం. అలాంటిది కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని బావి దగ్గరకి పరుగెత్తింది. నేనూ ఇద్దర్ని కన్నదాన్నే, వేరే చెప్పక్కర్లేదు. వెనకాలే వెళ్లాను.

"ఎన్నో నెల వదినా?"

"మూడు." నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నీకు దండం పెడతాను పైడీ, అత్తకి సెప్పకు. మీ అన్నియ్యకీ తెల్దు. ఈపాలి ఆగిపోతే ఇంక ఈ జల్మకి ఇల్లు నేదు."

"కడుపుకేటైనా అయితేనో?"

"అవదనుకుంటన్నాను" అని ఏడ్చేసింది. చిన్నప్పట్నుంచీ విన్న మాట, ఆవిడకి మాత్రం భయం లేకేం? నాకూ భయమేసింది. అయినా నోరు మూసుకున్నాను. అది నాకెంత కష్టమో మా ఇంట్లోవాళ్లని అడగండి.

మర్నాడు దువ్వాడలో స్థలం శుభ్రం చేసి, ఈశాన్యం మూల గొయ్యి తీశారు. పీటల మీద అన్నయ్యా వదినా కూర్చున్నారు. పంతులుగారు పసుపూ కుంకుమా సర్దుకుంటూ, "ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్లెవరూ లేరు కదా?" అని మాటవరసకి అడిగారు. అన్నయ్య అలవాటుకొద్దీ వదిన మొహంలోకి చూశాడు. వదిన తల దించేసుకుంది.

"నేరు బాబూ" అంది అమ్మ. "మా ఇంట్లో అలాటోలెవలూ నేరు. ముగూర్తం దాటిపోతంది, కానీండి."

పూజ అయింది, ఇటుక పడింది. తక్కిన ఇటుకలు అందించడానికి వదిన లేవబోతే అమ్మ భుజం పట్టుకుని ఆపింది. "ఎండలో బరువులెత్తకు. ఎల్లి ఆ జీడిమామిడి సెట్టుకింద కూకో" అంది చిన్నగా. వదినా నేనూ మొహామొహాలు చూసుకున్నాం. నెత్తళ్లు వేపింది అమ్మే కదా, ఆవిడకి తెలియకుండా ఎలా ఉంటుంది!

గోడలు లేస్తున్నన్నాళ్లూ అమ్మ మనిషి మనిషిలా లేదు. వదినని నీళ్లబిందె ముట్టుకోనివ్వలేదు. అనకాపల్లి వెళ్లి నూకాలమ్మకి మొక్కొచ్చింది. కడుపు కనబడ్డాక అన్నయ్య ఇదేమిటని అడిగితే, "అప్పుడు నాకేటి తెలుసురా" అని దబాయించింది. నాతో మాత్రం ఒకసారి అంది. "అబద్దం ఆడింది నాను. తగిలితే ఆ దోసం నాకే తగలాల. నూకాలమ్మకి అదే సెప్పినాను."

కార్తీకంలో ఐదోది పుట్టింది, దువ్వాడ ఇంట్లోనే. అప్పటికి స్లాబు పడింది గానీ తలుపుల్లేవు, గుమ్మాలకి గోనెపట్టాలు కట్టాం. మంత్రసాని పిల్లని కడిగి అమ్మ ఒళ్లో పెట్టింది. అమ్మ దాని చేతులు చూసింది, కాళ్లు చూసింది, వీపు తిప్పి చూసింది. మళ్లీ మొదట్నుంచీ చూసింది. ఆ తర్వాత వెక్కివెక్కి ఏడ్చింది.

అన్నయ్య తెల్లబోయాడు. "అయితే నువ్వు తెలిసే సేసినావేటమ్మా? ఇన్నేళ్లూ ఆపింది నువ్వే కదా?"

"మా అత్త నాకు సెప్పింది, నాను మీకు సెప్పినాను" అంది అమ్మ, పిల్ల మీంచి చూపు తిప్పకుండా. "మీ నాయినా జాగా సూసినాడు. రాయి తోలించినాడు. కడదావన్నప్పుడల్లా నాను కడుపుతోనే ఉన్నాను. ఆగమంటే ఆగినాను. నీ పెళ్లాన్నాగ కడుపు దాసుకునే దయిర్నం నాకు నేకపోయింది. ఆరుగుర్ని కన్నాను గానీ ఇల్లు మట్టుకు కట్టుకోనేకపోనాను. ఆ రాయంతా ఎవలెవలో అట్టుకుపోనారు."

ఈ సంగతి మాకెవరికీ ఎప్పుడూ చెప్పలేదు. మేం పెరిగింది మేనమామ పశువులశాల పక్కన తాటాకుల పాకలో. వానొస్తే అమ్మ రాత్రంతా కూర్చునే ఉండేది. నాన్నకి చేతకాక ఇల్లు కట్టలేదని నేననుకునేదాన్ని. అమ్మ కన్న ఆ ఆరుగురిలో ఆఖరిదాన్ని నేను.