చీర అంచుల తాడు

తుపాను వచ్చిపోయిన మరుసటి ఏడు, ఊళ్లలో జనానికి జాగ్రత్తలు నేర్పే ఆడవాళ్లను తయారు చేస్తామంటే నేనూ, మా తోడికోడలూ రేపల్లె నుంచి బాపట్ల శిక్షణకు వెళ్లాం. నా చదువు రెండో తరగతితో ఆగింది. సార్లు రాయించిన పాఠం ఆమె నాకు చదివి వినిపించేది. పాత చీరల అంచులు చింపి తాడు పేనడం, గాలివానలో పిల్లల్ని వీపుకు కట్టుకునే ముడి నేను ఆమెకు నేర్పాను. పది రోజులు ఒకే క్యారేజీలో తిన్నాం.

మా ఇద్దరిలో ఒక్కరినే తీసుకుంటామన్నారు. ఆ పని నాకే రావాలని ఎంతో ఆశ. చివరి రోజు పాఠం తడబడకుండా చెప్పాను. సార్ మెచ్చుకోబోతుండగా ఆమె లేచింది.

"అక్కయ్యకి చదవడం రాదండి. నేను చదువుతుంటే బట్టీ పట్టిందండి."

ఆమెను తీసుకున్నారు. నన్ను పంపేశారు.

నెల తిరక్కుండా మా వీధిలోనే ఆమె పాఠం చెప్పింది, నా తాడుతోనే. ముడి జారి, పిల్లాడికి బదులు కట్టుకున్న దిండు కింద పడింది.

"పిల్లాడు నీళ్లపాలమ్మోయ్!" అని ఆడవాళ్లు నవ్వారు.

"అక్కయ్యా, ఒక్కసారి రావా?" అంది నావంక చూసి.

"చదువుకున్నదానివి, కాయితం చూసి కట్టుకో."

అయినా పిల్లల ప్రాణాలతో పని. లేచి, అందరికీ కనబడేలా రెండుసార్లు కట్టి చూపించాను. తర్వాత ముడి విప్పి, తాడు చుట్టుకుని ఇంటికి తెచ్చేసుకున్నాను. ఆ అంచులు నా చీరలవి.