చంక కింద మూడువేళ్ల సందు

తార్నాకలో ఆ గల్లీకి కొత్తగా వచ్చినవాళ్లు సమ్మక్కను మాటరాని మనిషనుకుంటారు. పొద్దున్నే గేటు ముందు ముగ్గు వేసి, పాలప్యాకెట్టు తీసుకుని, తలుపు దగ్గరకేసుకుంటుంది. కిందటేడు భర్త వెంకటస్వామి పోయాక ఆ ఉన్న మాట కూడా తగ్గిపోయింది. ఆయన యూనివర్సిటీ లైబ్రరీలో అటెండరు. చిన్నప్పుడే పోలియో వచ్చి ఒక కాలు చచ్చుబడింది. అయినా రెండు చంకకర్రల మీద ముప్పై ఏళ్లు క్యాంపస్ అంతా తిరిగాడు. ఆ కర్రల ఎత్తు సరిచూడటం, కింద అరిగిన రబ్బరు బుడిపెలు మార్చడం, వానాకాలం జారకుండా తుడిచిపెట్టడం, అన్నీ సమ్మక్క పనులే. ఆమె చదివింది నాలుగో తరగతి. కర్రల సంగతిలో మాత్రం ఇంకొకర్ని అడగాల్సిన పని ఆమెకు లేదు.

పక్క పోర్షన్‌లో శైలజ, ఆమె కూతురు సింధూజ ఉంటారు. సింధూజది ఎం.ఏ. ఆఖరు సెమిస్టరు. హబ్సిగూడలో స్కూటీ మీంచి పడి ఎడమకాలు విరగ్గొట్టుకుంది. ప్లేటు వేసి, ఆరు వారాలు ఆ కాలు నేలకు ఆనించొద్దన్నారు. అల్యూమినియం చంకకర్రలు కొన్నారు.

ఓ సాయంత్రం గ్లాసు పగిలిన చప్పుడు విని సమ్మక్క వాళ్లింటికి పోయింది. నేలంతా చాయ్. పిల్ల ఏడుస్తోంది.

"ఏమైందే?"

"కుడిచెయ్యి మొద్దుబారుతుంది అత్తమ్మా. మూడు రోజులాయె. పెన్ను పట్టినా జారిపోతుంది. పన్నెండు రోజులల్ల పరీక్షలు."

"ఈసారి రాయకుంటే ఏం మునుగుతది? వచ్చే ఏడు రాస్తది," అంది శైలజ చాయ్ తుడుస్తూ.

"నువ్వు ఊకో అమ్మా! పట్టా చేతుల లేకుంటే లెక్చరర్ పోస్టుకు ఎట్ల అప్లై చేస్త? మళ్ల ఎన్నేండ్లకు పడ్తయో!"

సమ్మక్క పిల్ల చెయ్యి చూడలేదు. గోడకు ఆనించిన కర్రల్ని చూసింది. వాటి పైకొనలకు పాత నూలుచీర పేలికలు చుట్టి, దారంతో కుట్టి ఉన్నాయి. ఒక్కోటి చిన్న దిండంత ఉంది.

"ఇది ఎవరు కట్టిండ్రు?"

"నేనే," అంది శైలజ, గొంతులో కొంచెం గర్వంతోనే. "దుకాణపాయన సరిగ చూడకుండ ఇచ్చిండు వదినా. చంకకూ కర్రకూ నడుమ ఇంత సందున్నది. పిల్ల దేనికి ఆనుకోవాలె? మెత్తగ నిండుతదని కట్టిన."

"ఆ సందు ఉండాల్ననే పెట్టిండు. చంక మీద బరువు పడొద్దు శైలజా. గాడ నరం ఉంటది. నొక్కుకుపోతే చెయ్యి మొద్దుబారుతది. బరువంత అరచేతుల మీదనే. పైకొనను పక్కటెముకలకు ఒత్తి పట్టుకునుడే."

శైలజ మొహం చిన్నబోయింది. "అంటే నా బిడ్డ చెయ్యి నేనే ఖరాబు చేసిన్నా?"

"పెండ్లైన కొత్తల నేను గూడ గిట్లనే కట్టిన. పెండ్లాం ముచ్చటపడి కట్టిందని ఆయన నెల రోజులు నోరు మెదపలే. టిఫిన్ డబ్బా చేతులనుంచి జారి, పప్పంత లైబ్రరీల ఒలికినంక తిట్టిండు సూడు!"

కత్తెర తెప్పించి సమ్మక్క కుట్లన్నీ విప్పేసింది. తర్వాత సింధూజతో, "బయటికి తొడిగే చెప్పు తొడుక్కో," అంది.

"ఇంట్లనా?" శైలజ ఉలిక్కిపడింది. "దేవుని ముంగట చెప్పులేంది వదినా!"

"కాలేజికి ఒట్టికాలుతోని పోతదా? ఏది తొడుక్కొని నడుస్తదో దానితోనే కొలవాలె. దేవునితోని నేను మాట్లాడుకుంట తియ్."

సింధూజ కళ్లనీళ్లతోనే ఫక్కున నవ్వింది.

పిల్లను గోడకానించి నిలబెట్టి, కర్రలను పాదానికి జానెడు పక్కగా పెట్టింది సమ్మక్క. చంక కింద తన మూడువేళ్లు అడ్డంగా దూర్చి చూసింది. చెప్పు ఎత్తుకు సందు ఇంకాస్త పెరిగింది. గుబ్బ నొక్కి కింది గొట్టాన్ని ఒక చిల్లు కిందికి లాగింది. చేతులు కిందికి వేలాడేయమని, చేతిపిడి మణికట్టు ఎముకకు సరిగ్గా వచ్చేదాకా మార్చింది. "ఇగ పట్టు. మోచెయ్యి కొద్దిగ వంగాలె. ఆఁ, గట్ల."

మర్నాడు డాక్టరు కూడా అదే మాటన్నాడు. నరం ఒత్తుకుంది, ఇక ఆనకపోతే మెల్లగా వస్తుందన్నాడు. ఎన్నాళ్లకో మాత్రం చెప్పలేదు.

ఇంక మిగిలింది మెట్లు. నాలుగు రోజుల తర్వాత పొద్దున్నే ముగ్గురూ ఆటోలో ఆర్ట్స్ కాలేజీకి పోయారు. భర్త పోయాక సమ్మక్క క్యాంపస్‌లో అడుగుపెట్టడం అదే మొదలు. ఆటో దిగి, కాసేపు చెట్లకేసి చూస్తూ నిలబడింది. కొంగుతో మొహం తుడుచుకుని, "పా," అంది.

"ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, కర్రలు ఎనక. దిగేటప్పుడు కర్రలు ముందు, కాలు ఎనక. తిరగేసినవంటే బోర్ల పడ్తవ్."

రెండో మెట్టు మీదే సింధూజ వెనక్కి తూలింది. "పట్టుకో అత్తమ్మా, పడ్త!"

"ఎనకనే ఉన్న. పడితే పట్టుకుంట, పడకముందు పట్టుకోను. ఇగ పరీక్ష గూడ నన్నే రాయమంటవా ఏంది? నాది నాలుగో తరగతి, మార్కులు రావు."

వారం రోజులు అలాగే నడిచింది. మధ్యలో చెయ్యి ఓ రోజు బాగుంటే ఓ రోజు మళ్లీ తిమ్మిరెక్కేది. అలాంటి రోజు శైలజ మొహం వాడిపోయేది. సమ్మక్క మాత్రం పిల్ల చంక కింద వేళ్లు దూర్చి, సందు చూసి, "నడువు," అనేది.

పరీక్ష రోజు తల్లీ, సమ్మక్కా మెట్ల కింద నీడలో కూర్చున్నారు. మూడు గంటలు. శైలజ ఎన్ని దేవుళ్లకు మొక్కిందో లెక్కలేదు. గంట కొట్టారు. పిల్లలంతా బిలబిలా దిగిపోయారు. అందరూ పోయాక సింధూజ పైమెట్టు మీద కనిపించింది. ఒక్క క్షణం ఆగింది. శైలజ లేవబోతే సమ్మక్క ఆమె కొంగు పట్టి గుంజింది.

"కూసో."

కర్రలు ముందు దిగాయి. తర్వాత కాలు. మళ్లీ కర్రలు.

కిందికి వచ్చీ రాగానే సింధూజ, "రెండు అడిషనల్ షీట్లు తీసుకున్న అత్తమ్మా. వేళ్లు ఒకటే గుంజుతున్నయి," అంది.

"గుంజుతున్నయా?" సమ్మక్క ఆ చెయ్యి ఒళ్లోకి తీసుకుని ఒక్కో వేలూ నొక్కింది. "ఈడ?"

"నొప్పి."

"ఈడ?"

"అబ్బా, నొప్పే అంటున్న గద!"

"ఉండాలె. మొద్దుబారిన చేతికైతె నొప్పే తెల్వది. గంతసేపు రాస్తె ఉండకపోతదా?" అంది సమ్మక్క నవ్వుతూ. శైలజ ఆటో కోసం చెయ్యెత్తబోతే ఆపింది. "రోడ్డు దాక నడుస్తది. ఎల్లుండి ఇంకో పేపరున్నది."