మూడు చక్రాల బండికి నాలుగో మూత

మా ఆయనకు చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమ కాలు పడిపోయింది. నడవాలంటే రెండు కర్రలు కావాలె. బండెక్కితే మాత్రం ఎవ్వరూ అక్కర్లేదు. ముందొకటి, వెనక రెండు, మూడు చక్రాల మోటరు బండి అది. జూలూరుపాడు నుంచి అడివి అంచు గూడేలకు పోయి కుట్టు మిషన్లు బాగుచేసుడు ఆయన పని. ఏండ్ల సంది ఒక్కడే పోతడు, ఒక్కడే వస్తడు.

పోయిన ఎండాకాలం దారిలో వెనక టైరుకు మెల్లగా గాలి దిగిపోయింది. ఆయనకు తెల్వలే. బండి ఒక పక్కకు కుంగినంక తెలిసింది. అక్కడ ఫోనుకు సిగ్నల్ లేదు. తునికాకు కోసి వస్తున్న ఆడోళ్లు చూసేదాక అక్కడనే కూసున్నడు. "గంతసేపు ఏం జేసినవయ్యా?" అని అడిగితే, "పిట్టలు మంచిగున్నయి అక్కడ" అన్నడు.

ఖమ్మంల ఉద్యోగం జేసే మా బిడ్డకు సంగతి తెల్వంగనే బస్సెక్కి వచ్చింది.

"నాయినా, ఇగ నువ్వు ఒక్కనివి పోవుడు బంద్. మిషన్లనే ఇంటికి తెమ్మను."

"మిషను కంటె నేనే తేలిక గదనే" అన్నడు.

బిడ్డ నవ్వలే. "టైర్లల్ల గాలి ఎంతున్నదో చూపిచ్చే పెట్టె దొరుకుతది. గాలి తగ్గితే అరుస్తది. అది పెట్టిచ్చుకొని పో. ఇంకోసారి అడివిల చిక్కినవంటే బండి తాళం నా దగ్గరుంటది."

ఆయన రెండు రోజులు సగం అన్నమే తిన్నడు. తాళం పోతే ఆయనకు కాళ్లు పోయినట్టేనని నాకెరుకే.

మూడో రోజు ఇద్దరం ఆ బండి మీదనే ఖమ్మం పోయినం. షాపాయన రెండు రకాలు చూపిచ్చిండు. ఒకటి టైరు లోపల పెట్టేది. ఇంకోటి గాలి కొట్టే వాల్వు మీద మూత తీరు బిగిచ్చేది. లోపలిది పాడైతే టైరు విప్పాలె, అడివిల ఎవరు విప్పుతరు? మూతలదే ఖాయం జేసినం. గాలి లెక్క ఫోనుల చూసుకునేది కూడా ఉన్నదట. మాది బటన్ల ఫోను. అందుకని హ్యాండిలుకు బిగిచ్చే చిన్న పెట్టె తీసుకున్నం.

"రెండు మూతలది మోటరు సైకిలుకు, నాలుగు మూతలది కారుకు" అన్నడు షాపాయన.

"మూడు మూతలది?"

"రాదమ్మా."

"రెండే కొంటే ఏ చక్రాన్ని వదిలెయ్యమంటవు?" అని మా ఆయన అడిగిండు. షాపాయన బయటికొచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగిండు. ఆఖరికి నాలుగు మూతలదే ఇచ్చిండు, మిగిలింది డబ్బాల పెట్టుకోమన్నడు.

ఇంటికొచ్చి మూడు మూతలు బిగిచ్చి నాలుగోది డబ్బాల పెట్టినం. పెట్టె మొదలువెట్టింది ఒర్లుడు. నాలుగో చక్రంల గాలి సున్నా అని దాని బాధ.

"నాకు లేని చక్రం గురించి దీనికేందే?" అన్నడాయన.

షాపాయనకు ఒక ఫోను కొడితే అయిపోయేదేమో. మాకది తోచలే. దానికి చక్రమే కదా కావాలె, ఇద్దామనుకున్న. పాత సామాన్ల కొట్టుల మా బండి సైజు చక్రమే దొరికితే తెచ్చిన. గాలి కొట్టిచ్చి, నాలుగో మూత దానికి బిగిచ్చి, సీటు వెనక తాడుతో కట్టిన. పెట్టె నోరు మూసుకున్నది. ఆనాటి సంది పొద్దున్నే మూడు చక్రాలతో పాటు దాన్ని కూడా చేత్తో ఒత్తి చూసేదాన్ని, మళ్ల ఒర్లుతదేమోనని.

వానలు పడ్డంక ఒకనాడు ఒక గూడెంల మిషను బాగుజేసి బయలెల్లిండు. గూడెం దాటంగనే పెట్టె అరిచిందట. ఈసారి నిజంగనే వెనక ఎడమ చక్రం. గాలి పూర్తిగా దిగకముందే బండి తిప్పుకొని, మిషను బాగుజేసిన ఇంటి ముందే ఆపిండు. ఆ ఇంటామె వచ్చి చూసింది.

"ఇక్కడ పంచర్ షాపు లేదన్నా."

"తెలుసు చెల్లె. ఇగ మా బిడ్డ తాళం గుంజుకుంటది."

"గదంతా సరే గని, ఎనక కట్టుకున్న చక్రం దేనికి?"

"అది పెట్టె కోసం."

"పెట్టెకు చక్రమేందన్నా? మీ బండికి పట్టదా అది?"

చానసేపు ఆ చక్రం దిక్కే చూసిండట. తర్వాత గూడెం మొగోళ్లు నలుగురు బండిని లేపి పట్టుకున్నరు, పానతో విప్పి చక్రం మార్చిండ్రు.

ఆ మధ్యాహ్నం నేను అరుగు మీద గోంగూర తెంపుతున్న. మలుపు కాడినుంచే ఒర్లుడు వినబడ్డది. గాలి దిగిన చక్రం మూతతో సహా సీటు వెనక కట్టి ఉన్నది. చక్రాలు మారినయని పెట్టెకు ఎవరు చెప్పిండ్రు? దారి పొడుగునా ఒర్లుకుంటనే వచ్చిందట. ఆయన బండి ఆపిండో లేదో బిడ్డ ఫోను.

"ఏంది నాయినా ఆ చప్పుడు?"

"నువ్వు పెట్టిచ్చుకోమన్న పెట్టే బిడ్డా. మంచిగ పనిచేస్తున్నది."

"మరి గాలి దిగిన చక్రం?"

"మార్చుకొని వచ్చిన."

"ఒక్కనివేనా?"

"ఒక్కన్నే."

బిడ్డ తాళం మాట ఎత్తలే. ఆ పెట్టె నోరు మూయించమన్నది, అంతే. ఆయన తాళం తీసి జేబులో వేసుకొని కర్రలు అందియ్యమన్నడు. ఆనాడు అన్నం మూడుసార్లు పెట్టిచ్చుకున్నడు.