తోడు కట్టిన దీపం

ఆ షెడ్డులో ఆమెను అందరూ వైరింగక్క అనేవారు. అసలు పేరు రాసుకోవడానికి అక్కడ హాజరు పట్టీ కూడా ఉండేది కాదు. పనివాళ్లలో ఎవరి ఉద్యోగమూ కాగితం మీద లేదు, ఓనరు నోటి మీదే ఉంది. రమ్మంటే రావాలి, పొమ్మంటే పోవాలి.

ఆమె తండ్రి మోటార్లు చుట్టేవాడు. బడి మానేసిన ఏడాదే తీగ చేతికొచ్చింది. తర్వాత ఇరవై రెండేళ్లు కార్ల డాష్‌బోర్డుల కింద, సీటు వీపు మీదికి కాళ్లు ఎత్తి, వెల్లకిలా పడుకుని గడిపింది. ఆడమనిషి అలా దూరి పనిచెయ్యడం చూసి కొత్తగా వచ్చినవాళ్లు నోరెళ్లబెట్టేవారు. హెడ్‌లైటు వెలిగాక మూసుకునేవారు.

ఆమెను ఆ షెడ్డులోకి తెచ్చింది ఇంజనన్న. ఇంజన్లు విప్పి బిగించే పెద్ద మెకానిక్కు అతను. మొదటి రోజు ఓనరు నసుగుతుంటే, "ఓనరుగారూ, కరెంటుకి ఆడా మగా తేడా తెలీదండీ. ముట్టుకుంటే ఎవర్నైనా కొడుతుంది. పెట్టుకోండి" అన్నాడు. ఓనరు నవ్వాడు. అలా పని దొరికింది. భర్త పోయిన ఆర్నెల్లకే దొరికిన ఆ పని మీద ఆమె, ఆమె అత్తగారు, రెండు గదుల ఇల్లు నిలబడ్డాయి.

ఎర్రటి స్పోర్ట్స్ కారు ఒకటి ఆ షెడ్డుకి వస్తుండేది. రెండే తలుపులు, నేలకి జానెడు ఎత్తు, ముప్ఫై ఏళ్ల వయసు. దాని యజమానిని షెడ్డులో కారాయన అనేవారు. ఆ కారు తప్ప ఆయన గురించి వాళ్లకి ఏమీ తెలియదు. ఒక సోమవారం ఆయన వెనక సీట్లో దుప్పటి చుట్టి ఏదో తెచ్చాడు. విప్పితే నల్లటి డాష్‌బోర్డు. అదే కంపెనీ పదేళ్ల తర్వాత తీసిన కారుది, గుద్దుకుని పాడైన బండిలోంచి ఊడదీసింది.

"ఇది నా బండికి పెట్టాలి" అన్నాడు కారాయన.

"ఉన్నది బాగానే ఉంది కదండీ" అన్నాడు ఇంజనన్న. పాతది చెక్క పలక. ఆరు గుండ్రటి మీటర్లు, ఆరు ముళ్లు. "ఇందులో ఆయిలు ప్రెషరుకి వేరే మీటరుంది. ఇంజను ముసలిది. దీని నాడి చూసేది అదొక్కటే."

"నువ్వు ఇంజను చూడవయ్యా, నేను అందం చూసుకుంటాను. మా మనవరాలు ఇందులో కూర్చుని, తాతయ్యా, గోడ గడియారాల కొట్టులో ఉన్నట్టుంది అంటోంది."

ఓనరు పది రోజులు అడిగాడు. ఆదివారం పాత కార్లవాళ్లంతా కలుస్తున్నారని కారాయన అయిదు రోజులిచ్చాడు. ఓనరు సరేనన్నాడు. ఆ సరేనన్న మనిషికి డాష్‌బోర్డు కింద పడుకోవాల్సిన పని లేదు.

కొత్త డాష్‌బోర్డు రెండు వేళ్లు వెడల్పు ఎక్కువ. పాత కమ్మీలు కోసి, కొత్తవి వెల్డింగు చేయించారు. స్టీరింగు కడ్డీ తగలకుండా కింది అంచు అరగదీశారు. గాలి గొట్టాలు ఒకదానికొకటి ఎదురుపడలేదు, రబ్బరు ముక్కలతో కలిపారు. ఇదంతా పైకి కనిపించే పని. కనిపించని పని వైరింగక్కది. పాత బండిలో విడివిడి తీగలు నలభై చిల్లర. గ్రీజు పట్టి అన్నీ ఒకే మట్టి రంగుకి వచ్చాయి. కిరసనాయిలు గుడ్డతో ఒక్కోటీ తుడిచి, దాని చార ఏ రంగో చూసి, అట్టపెట్టె మూత మీద గీసుకుంది. కొత్తదానికి రెండు పెద్ద ప్లగ్గులు, దువ్వెన పళ్లలా సూదులు. ఏ తీగ ఏ సూదికో పక్కనే రాసుకుంది. అలాంటి అట్టలు ఆమె దగ్గర బండికొకటి చొప్పున ఉండేవి. ఆమె గీసిన అట్ట ఉంటే ఆ బండిని ఎవరైనా విప్పొచ్చని షెడ్డులో చెప్పుకునేవారు.

బుధవారం పెట్రోలు ముల్లు తిరగబడింది. ట్యాంకు నిండుగా ఉంటే ఖాళీ అని చూపిస్తోంది.

"ఏంటి చెల్లాయ్, కడుపు నిండినా ఆకలంటోందా?" అన్నాడు ఇంజనన్న కిటికీలోంచి తొంగి చూసి.

"ఓనర్లకి తయారుచేసిన మీటరన్నా. వాళ్లకి నిండడమన్నది ఉండదు."

"గట్టిగా అనకు, వెనకే ఉన్నాడు."

లేడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ముల్లు సంగతి సాయంత్రానికి తేల్చింది.

శుక్రవారం ఆయిలు దగ్గర పని ఆగిపోయింది. పాత ఇంజనుకున్న సెన్సరు ముల్లుని కదిలించడానికి చేసింది. కొత్త డాష్‌బోర్డులో ఆయిలుకి ముల్లు లేదు, ఎర్రదీపం ఉంది. ప్రెషరు పడిపోతే ఆ దీపం వెలగాలి. దానికి వేరే స్విచ్చి కావాలి. ఆ స్విచ్చి మర ఇంజను మరకి కుదరదు, మధ్యలో ఒక ముక్క లేతు మీద చేయించాలి. లేతు పనాయన ఊళ్లో లేడు, సోమవారం వస్తాడు.

శనివారం మధ్యాహ్నం ఓనరు వచ్చి పక్కన నిలబడ్డాడు.

"తోడు కట్టెయ్" అన్నాడు.

తోడు కట్టడమంటే ఆ షెడ్డు మాట. తాళం తిప్పగానే ఎర్రదీపాలన్నీ ఒక్కసారి వెలగాలి, ఇంజను అందుకోగానే ఆరిపోవాలి. పనిచెయ్యని దీపం ఏదైనా ఉంటే దాని తీగని పక్కనున్న బ్యాటరీ దీపం తీగకి కలిపేస్తారు. అది వెలిగితే ఇది వెలుగుతుంది, అది ఆరితే ఇది ఆరుతుంది. చూసేవాళ్లకి అన్నీ బతికే ఉన్నట్టుంటాయి. పాత బళ్లు అమ్ముకునేవాళ్ల విద్య అది.

"అది అమ్మేసే బళ్లకి చేస్తారండీ. ఇది ఆయన నడుపుకునే బండి."

"ఎంత నడుపుతాడు? రేపు వెళ్లి అద్దం తుడుచుకుంటూ నిలబడతాడు. సర్వీసుకొచ్చినప్పుడు స్విచ్చి బిగిద్దాం. నీకూ నాకూ తప్ప ఎవరికి తెలుస్తుంది?"

మూడు నిమిషాల పని. తీగకి తీగ మెలేసి టేపు చుట్టింది. అట్ట మీద మాత్రం ఆ గీత గియ్యలేదు. ఇంజనన్నకి చెప్పలేదు. చెబితే గొడవ చేస్తాడు, బండి వెళ్లనివ్వడు. సాయంత్రం కారాయన తాళం తిప్పాడు. దీపాలన్నీ వెలిగి ఆరాయి. "శభాష్!" అన్నాడాయన.

సర్వీసుకి కారు వచ్చింది, ఆయిలు మార్చారు. ఆ రోజు ఆమె అత్తగారిని కంటి ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఓనరుకి స్విచ్చి గుర్తు రాలేదు, లేదా గుర్తొచ్చినా ఊరుకున్నాడు. మర్నాడు ఆమె అడిగితే, "వచ్చేసారి చూద్దాంలే" అన్నాడు. ఆమె కూడా వచ్చేసారే అనుకుంది.

నెల తిరక్కుండా ఆ కారుని లారీకి తాడు కట్టి లాక్కొచ్చారు. ఇంజను పట్టేసింది. దూరం పోతుంటే దారిలో చప్పుడు చేసి ఆగిపోయిందట. ఆయిలు చుక్క లేదు.

"ఒక్క దీపం వెలగలేదు! ఒక్క దీపం!" అని కారాయన అరుస్తున్నాడు.

ఓనరు ఆమె వంక చూశాడు. ఎక్కువసేపు కాదు. ఆ చూపులో బెదిరింపు లేదు, బతిమాలడం లేదు. ఇద్దరం ఒకే గంపలో ఉన్నామన్న లెక్క ఉంది. చూపు అక్కణ్ణించి తీసి ఇంజనన్న మీద పెట్టాడు.

"ఆయిలు మార్చింది నువ్వే కదా? ఆయిలు దించే అడుగు బోల్టు మళ్లీ బిగించావా?"

"బిగించానండీ."

"ఒట్టేసి చెప్పు."

ఇంజనన్న ఆగాడు. అబద్ధం అలవాటున్నవాడైతే ఆగేవాడు కాదు.

"రోజుకి వంద బోల్టులు బిగిస్తానండీ. ఒక్కోదానికీ ఒట్టు ఎలా వేస్తాను? ఆ రోజు మధ్యలో మీరే వేరే బండికి పిలిచారు. తిరిగొచ్చి బిగించినట్టే... ఉండండి, కిందికి దూరి చూస్తాను."

"ముట్టుకోకు! ఇప్పుడు బిగించేసి, చూశారా, బిగిసే ఉంది అంటావు. పో బయటికి."

కారు అడుగంతా నల్లగా తడిసి ఉంది. ముసలి ఇంజను ఎక్కడెక్కడ కారుతుందో ఎవరు చెప్పగలరు? అయిదు రోజుల గడువు ఎవరు ఒప్పుకున్నారని గానీ, మనిషిని సగం పనిలో ఇంకో బండికి ఎవరు పిలిచారని గానీ అక్కడ ఎవరూ అడగలేదు. ఒక పనివాడు దొరికాడు. చాలు. పద్దెనిమిదేళ్లు పనిచేసిన మనిషి తన స్పానర్ల సంచీ భుజాన వేసుకుని గేటు దాటాడు. దాటేముందు ఆమెతో, "చెల్లాయ్, జాగ్రత్త" అన్నాడు. ఎందుకన్నాడో అతనికీ తెలియదు. వెళ్లేవాళ్లు అనే మాటే అది.

వేరే మెకానిక్కు వచ్చి ఆ ఇంజనుని ఉన్నదున్నట్టు పైకి లేపి, మూల దుంగల మీద పెట్టి వెళ్లాడు. మూడు రోజులు అక్కడే ఉంది. అన్నం డబ్బా పట్టుకుని ఆమె రోజూ దాని పక్కనుంచే నడిచింది. అడుగు బోల్టు మోకాలి ఎత్తులో కనిపిస్తూనే ఉంది. పంతొమ్మిదో నంబరు స్పానరు ఆమె పెట్టెలోనే ఉంది. వేసి చూస్తే అర నిమిషం. వదులుగా ఉంటే ఆమె గుండె తేలికపడేది. బిగిసి ఉంటే నోరు విప్పాల్సి వచ్చేది. స్పానరు తియ్యలేదు. నాలుగో రోజు పాత ఇనుము కొనే బండి వచ్చి ఇంజనుని ఎత్తుకుపోయింది. ఎక్కడో కరిగించేసి ఉంటారు.

బోల్టు మర్చిపోయినాయన అన్న పేరు చుట్టుపక్కల షెడ్లన్నిటికీ పాకింది. రెండు చోట్ల అడిగి, ఇంజనన్న అడగడం మానేశాడు. గోడౌను గేటు దగ్గర కాపలాకి కుదిరాడని తెలిసింది. నాలుగేళ్లు ఆమె ఆ వీధిలోంచి వెళ్లకుండా చుట్టు తిరిగి వెళ్లింది.

అతని భార్య ఒక రోజు ఆసుపత్రి వరసలో ఎదురుపడింది. తప్పించుకోవడానికి వీల్లేని వరస.

"ఎలా ఉన్నారొదినా? అన్నయ్య బాగున్నారా?"

"ఏం బాగు! తింటూ తింటూ లేచి వెళ్లి గ్యాసు కట్టానా లేదా అని చూసొస్తాడు. తాళం వేసి, సందు చివరిదాకా వెళ్లి, మళ్లీ వెనక్కొస్తాడు. మొన్న మిక్సీ పాడైంది. మీరే చూడండి అంటే, నా చేతిని నమ్మకు, బయట చేయించు అన్నాడు. ఇంజన్లు విప్పిన మనిషమ్మా!"

ఇంటికొచ్చి ఆమె అత్తగారికి మొత్తం చెప్పింది. నాలుగేళ్లలో మొదటిసారి. అత్తగారు చూపు సగం పోయినా మాట పదును తగ్గని మనిషి.

"ఆ తోడు కట్టడం నీ పొట్టకోసం చేశావు. నేనూ ఆ కూడే తిన్నాను కాబట్టి తిట్టలేను" అంది అత్తగారు. "మరి ఆ మూడు రోజులు? స్పానరు వెయ్యకుండా ఊరుకుంది ఎవరికోసమే?"

కోడలు కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"వెళ్లి చెప్పు. ఉద్యోగం పోతే పోయింది. ఇద్దరం కలిసి పస్తుందాం. నాకు ఎలాగూ ఆకలి తక్కువ."

"అబద్ధం. రెండు పూటలా అడిగి వేయించుకుంటారు."

"ఏడుస్తూ కూడా ఎత్తిపొడుస్తావే!"

ఆదివారం పొద్దున గోడౌను గేటు దగ్గరికి వెళ్లింది. ఇంజనన్న ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి, కుర్చీ ఆమెకిచ్చి, తను మెట్టు మీద కూర్చున్నాడు. ఆమె కూర్చోలేదు. తోడు కట్టిన సంగతి నిలబడే చెప్పింది. ఓనరు అన్న మాటలు చెప్పింది, తను అనని మాటలు చెప్పింది. అతను అడ్డు రాకుండా విన్నాడు.

"దీపం వెలిగుంటే ఆయన బండి ఆపేవాడు" అన్నాడు చివరికి.

"ఆపేవాడన్నా."

"ఇంజను బతికేది."

"బతికేది."

"సరే. అది నీదీ ఓనరుదీ. బోల్టు సంగతి చెప్పు. బిగిసే ఉందా?"

బిగిసే ఉందన్నా, నేను చూశాను అంటే సరిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అది మళ్లీ తోడు కట్టడమే. ఆమెకి ఆ మెలిక చేతుల్లో తెలిసింది.

"తెలీదన్నా. స్పానరు వేసి చూడలేదు. బిగిసుంటే నీ తరఫున మాట్లాడాల్సొస్తుందని చూడలేదు."

అతను తన కుడి అరచెయ్యి కాసేపు చూసుకున్నాడు. తిడితే బాగుండేది. తిట్టలేదు.

"నాకు కావాల్సింది ఆ బోల్టు సంగతొక్కటే చెల్లాయ్" అన్నాడు.

సోమవారం ఆమె షెడ్డులో, బళ్లు తెచ్చినవాళ్లూ పనివాళ్లూ అందరూ ఉన్న వేళ, తోడు కట్టిన సంగతి గట్టిగా చెప్పింది. ఓనరు ముందు నవ్వాడు, తర్వాత పిచ్చిదన్నాడు, మధ్యాహ్నానికి పనిలోంచి తీసేశాడు. ఇప్పుడు ఆమె ఇంటి ముందు గదిలో తండ్రిలాగే మోటార్లు చుడుతోంది. అత్తగారు తడిమి చూసి, తీగ చివరలు అందిస్తుంటుంది.

ఆ కబురు కూడా షెడ్లన్నిటికీ పాకింది. వారం తిరక్కుండా రెండు షెడ్లవాళ్లు ఇంజనన్నని రమ్మని పిలిచారు. ఒకాయన గోడౌను దాకా స్వయంగా వెళ్లాడు. అతను పోలేదు. ఎందుకు పోలేదని ఆమె వెళ్లి అడిగింది.

"వాళ్లకి నామీద నమ్మకం కుదిరింది చెల్లాయ్. నాకే కుదర్లేదు" అన్నాడు.