రెప్ప వాల్చిన పాము

నా చిన్నప్పుడు బొల్లారంలో మా పెరటి గోడను ఆనుకుని ఓ మల్లెపొద ఉండేది. వాన వెలిసిన మధ్యాహ్నాలు అక్కడ కూర్చుంటే నిద్రా మెలకువా ఒకటైపోయేవి. మట్టి వాసన, చూరు నుంచి జారే చినుకులు, ఎక్కడో రైలు కూత. అలాంటి ఓ పూట మా నానమ్మ కేకకు ఉలిక్కిపడ్డాను.

"పామే! కట్టె తేండ్రి!"

గోడ మూలన రాగిరంగులో మెరుస్తూ జానెడు జీవి. మా వైపు దాన్ని నలికండ్ల పాము అంటారు. పేరులోనే పాముంటే ఇంక సాక్ష్యమెందుకు? మా చెల్లి అప్పుడప్పుడే పాకుతోంది, నానమ్మ భయం ఊరికే పుట్టింది కాదు. నాకు మాత్రం ఆ మెరుపు చూసి ఏడుపొచ్చింది. చంపొద్దని నానమ్మ కొంగు పట్టుకుని వేలాడాను.

కాలేజీలో జీవశాస్త్రం చదివే పక్కింటి అక్క పరుగున వచ్చింది. అరుగు మీద ఎండబెట్టిన గాజు సీసాలోకి దాన్ని మెల్లగా తోలి, మూతికి గుడ్డ కట్టింది.

"నా ఆవకాయ సీసా!" అని నానమ్మ నెత్తి కొట్టుకుంది.

"చంపుడు ఎంతసేపు అవ్వా, జెర పిల్లను చూడనియ్యి," అని అక్క సీసాను నా ఒళ్ళో పెట్టింది.

ఒళ్ళంతా పాములాగే నున్నని పొలుసులు. కానీ పొట్ట పక్కన బుల్లి బుల్లి కాళ్ళు! బల్లి అని అరిచాను. అక్క నవ్వి, గోడ మీది బల్లినీ దీన్నీ మార్చి మార్చి చూడమంది. ఎంతసేపు చూశానో! గోడ మీది బల్లి కన్ను మూయనే లేదు. సీసాలోది మాత్రం నన్ను చూస్తూ చూస్తూ, కునికే పసిపాపలా రెప్ప వాల్చింది.

"పాముకు కాళ్ళు లేవు, రెప్పలు లేవు. గోడ బల్లికి కాళ్ళున్నయ్ గని రెప్పల్లేవు. దీనికి రెండూ ఉన్నయ్. బల్లికి చుట్టమే గని ఇది వేరే. విషం సుత లేదు," అంది అక్క.

నానమ్మ కళ్ళజోడు సర్దుకుని వంగింది. మళ్ళీ రెప్ప వాలింది. "అయ్యో, నన్నే చూస్తున్నదే!" అంటూ కట్టె పడేసి, తానే సీసాను మల్లెపొద దగ్గర వంచింది. ఆ సీసాను మాత్రం మళ్ళీ వంటింట్లోకి రానిస్తే ఒట్టు.

ఇప్పటికీ ఎవరైనా మనుషులను ఒకే గాటన కట్టి "వాళ్ళంతా అంతే" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. మనవలు చాదస్తమంటారు. అననీ. ఆ రోజు గాజు వెనక ఓ చిన్న గొంతు పైకీ కిందికీ కొట్టుకుంటూ, నేను సరిగ్గా చూస్తానా లేదా అని ఎదురుచూసింది. ఆ బరువు ఇంకా నా ఒళ్ళోనే ఉంది.