గాజుల తూకం

మా వదిన గుర్తొస్తే విజయవాడ బస్టాండులోని బరువు చూసే మిషను కూడా కళ్ళముందు మెరుస్తుంది. పెళ్ళయి చాన్నాళ్ళయినా పిల్లల్లేరు. కాస్త బరువు తగ్గితే నెలసరి సర్దుకుంటుందని, ఆపైన ఆశ ఉందని డాక్టరమ్మ చెప్పింది. అప్పటినుంచి వదిన కృష్ణ ఒడ్డున పొద్దుటి మంచులో నడిచేది. బస్టాండుకు వెళ్ళినప్పుడల్లా చెప్పులు విడిచి, చేతికొక్కటి మాత్రం ఉంచుకుని మిగతా గాజులన్నీ తీసి నాకిచ్చి, మిషనెక్కేది. రంగుదీపాలు తిరుగుతున్నంతసేపూ కళ్ళు మూసుకునేది.

ఏడాది తిరిగేసరికి నెల తప్పింది. సీమంతమయ్యాక పురిటికి పుట్టింటికి పంపడానికి ఉయ్యూరు బస్సు దగ్గరికి తీసుకెళ్ళాం. మోచేతిదాకా గాజులతో, చెప్పులతోనే మిషనెక్కింది.

"గాజులు తియ్యవా వదినా?" అన్నాను.

"ఉండనీ అమ్మాయ్, ఇవాళ ఎంతుంటే అంత చూపించనీ," అంది, కళ్ళు విప్పార్చి దీపాలకేసి చూస్తూ.