మా మేనత్త ఐదిళ్ల నడక

పోయిన నెల నా కుడి మోకాలు చూసిన డాక్టరు, కీలు మార్పించుకోవడమే మంచిదని చెప్పి, "తర్వాత మాత్రం ఓపిక పట్టాలమ్మా, నెలలు పడుతుంది" అన్నాడు. భయపడాల్సింది పోయి నాకు నవ్వొచ్చింది. ఓపిక అనే మాటకూ మా గిద్దలూరు మేనత్తకూ అసలు పడేది కాదు.

అత్తావాళ్లది బట్టల దుకాణం. వీధికి ఈ చివర ఇల్లు, ఆ చివర దుకాణం. డబ్బు తీసుకోవడం మామ పని, చీరలు చూపించడం అత్త పని. రాచర్ల వైపు నుంచి పెళ్లిబట్టలకు వచ్చినవాళ్లు ఆమె కనిపించకపోతే, "అమ్మ వచ్చినాక వస్తాంలే" అని వెనక్కి తిరిగేవాళ్లు. ఇద్దరూ కలిసి బయలుదేరినా మామ ఎప్పుడూ పదడుగులు వెనకే ఉండేవాడు. అలాంటి మనిషికి మోకాలు అరిగింది. ఏళ్లపాటు తైలాలూ కాపడాలూ అయ్యాక గుంటూరులో ఆపరేషన్ చేయించుకుంది. అప్పుడే ఉద్యోగం మానేసి ఖాళీగా ఉన్నానేమో, తోడుగా నేను మార్కాపురం నుంచి వెళ్లాను.

పొద్దున్నే పాదానికి పాత చీర తగిలించి, దాన్ని లాగుతూ కాలు వంచడం, తర్వాత వాకర్‌తో వరండాలో నాలుగు చుట్లు, ఆపైన తువ్వాల్లో చుట్టిన ఐసుముక్కలు. నెల రోజులు బుద్ధిగా చేసింది. ఐదో వారం ఒకరోజు నేను కూరగాయలకు వెళ్లొచ్చేసరికి మంచం ఖాళీ. వాకర్ గుమ్మం దగ్గర ఉంది, మనిషి లేదు. గాబరాగా దుకాణానికి పరుగెత్తితే, పెళ్లివాళ్ల ముందు నిలబడి చీరలు పరుస్తోంది. "చూడు, ఏమన్నా అయిందా నాకు?" అంది. ఆ ముఖంలో వెలుగు చూశాక కోప్పడలేకపోయాను.

మర్నాటికి మోకాలు వాచి, ముట్టుకుంటే కాలిపోతోంది. వంచబోతే ప్రాణం పోయినంత నొప్పి. గుంటూరు తీసుకెళ్లాం. చీము పట్టలేదు, కాలి మీద భారం ఎక్కువైంది, అంతే అన్నారు. పది రోజులు మంచం దిగలేదు. గోడవైపు తిరిగి పడుకుని, "ఇంగ దుకాణం నాకు రాసిపెట్టి లేదులే. ఆ చీరలేవో మీ మామనే చూపించుకోమను" అంది. అత్త కన్నీళ్లు చూడటం నాకదే మొదలు.

ఐదిళ్ల అవతల జాకెట్లు కుట్టే సాయిబుల ఆడమనిషి ఒకామె ఉండేది. దుకాణంలో చీర కొన్నవాళ్లను అత్త ఆమె దగ్గరికే పంపేది. ఒక సాయంత్రం వచ్చి మంచం పక్కన కూర్చుంది.

"అక్కా, ఒక్క దినం పది జాకెట్లు కుట్టినాననుకో, మూడు దినాలు నా నడుము లేయదు. అందుకే చేతనైనా నాలుగే కుడతా. నువ్వు బాగున్న దినం పరిగెత్తినావు, బాగలేని దినం పండుకున్నావు. అట్ల కాదు. రోజూ మా ఇంటి దాకా రా, టీ తాగు, పో. అంతే."

"ఐదిళ్లేనా?" అంది అత్త, అవమానం జరిగినట్టు.

"ఐదిళ్లే."

వాపు తగ్గి, డాక్టరు సరేనన్నాక ఆ నడక మొదలైంది. అత్త, పక్కన నేను. అక్కడ కుట్టుమిషను చప్పుడు, అల్లం వేసిన టీ, అత్త కోసం దిండు వేసి ఎత్తు చేసిన కుర్చీ. ఏమీ తోచని నా చేత కూడా ఆమె గుండీలు కుట్టించింది. "ఈ పొద్దు నొప్పే లేదు చెల్లే, ఇంకో నాలుగిళ్లు పోదాం" అని అత్త బతిమాలేది. "లేనప్పుడే గదక్కా ఆగాల్సింది" అని ఆమె సూదిలో దారం ఎక్కించుకునేది. రెండు వారాలకొకసారి ఒకటో రెండో ఇళ్లు కలిపేది. ఏ ఇంటి అరుగు మీద కూర్చుని అలుపు తీర్చుకోవాలో కూడా ఆమే చెప్పేది.

దుకాణం చేరేసరికి ఏడో నెల వచ్చింది. ఎత్తు కుర్చీలో కూర్చుని అత్త, "అది కాదు, దాని కిందిది, నెమలికంఠం రంగుది" అంటుంటే మామ నిచ్చెన ఎక్కి దిగుతూ, "ఈమె కాలు బాగైంది, నా నడుము పోయింది" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. పాత వేగం మళ్లీ రాలేదు. నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చోలేకపోయింది, పెళ్లిళ్లలో బంతిభోజనం దగ్గర దానికి నొచ్చుకునేది. అయినా ఆ కాలితోనే తొమ్మిదేళ్లు దుకాణానికి నడిచింది, కన్నుమూసిన వారం దాకా. ఆ తొమ్మిదేళ్లూ మామ ఆమె పక్కనే నడిచాడు.

ఇప్పుడు అత్త లేదు, జాకెట్లు కుట్టే ఆమె కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. నేను డాక్టరుకు సరేనని చెప్పాను. ఎంతకీ గడవడం లేదని రోజులు లెక్కపెట్టుకున్న ఆ ఏడు నెలలే, వెనక్కి తిరిగి చూస్తే, ఆమెతో నేను తీరిగ్గా గడిపిన కాలమంతా.